తొమ్మిది మూరల వాసం

మా వాడలో ఒక్క కొమురవ్వ ఇంటికే రెండు కప్పులున్నాయి. పైది పెద్దది, గోడల దాకా వచ్చి ఆగిపోతుంది. దానికి జానెడు కింద మొదలై ఇంటి చుట్టూ దిగేది చిన్న కప్పు, పంచ. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, ఎంత కుదురుగా కట్టుకున్నారో అంటారు. ముసలివాళ్ళు మాత్రం, వడ్రంగం చేసే వడ్ల కాశయ్య లెక్క తప్పి వాసాలు పొట్టిగా కోశాడని, ఆ తప్పు కప్పిపుచ్చడానికే పంచ వేశారని చెబుతారు. కాశయ్య పోయి ముప్పై ఏళ్ళయింది. పోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు. నా చదువు రెండో తరగతితో ఆగింది. అక్షరాలు మాత్రం నన్ను విడిచి పోలేదు. కొమురవ్వ ఎట్లాంటి మనిషో, ఆ ఇంటి కప్పు సంగతి ఏమిటో ఉన్నదున్నట్టు నేనే రాస్తాను.

కొమురవ్వ నా తోడికోడలు. మా బావ సిద్ధయ్య భార్య. పుట్టిల్లు మర్కూక్. కాపురానికి వచ్చేనాటికే ఆమె మగపిల్లల కంటే పొడుగు. గడపలో తల వంచి లోపలికి వస్తుంటే మా అత్త చూసి, తాటిచెట్టును కోడలుగా తెచ్చుకున్నాం, ఇక దీన్ని ఎక్కడానికి మోకు కావాలని అన్నదట. కొమురవ్వ ఏమీ అనలేదట. ఆమెకు మాట తక్కువ. నాకు ఎక్కువ. ఒకే ఇంటికి ఇద్దరం కోడళ్ళం వచ్చాం కాబట్టి సరిపోయింది.

మాది తాటికల్లు గీత పని చేసే ఇల్లు. మా మామ రాజమల్లయ్య ఆ ఇల్లు కట్టినప్పుడు సిద్దిపేట ఊరు అక్కడితో అయిపోయేది. గజ్వేల్ బాట పక్కన చివరి ఇల్లు మాది, దాటితే తాటివనం. మట్టి గోడలు, తాటి వాసాలు, పైన కుమ్మరి గూన పెంకులు. మా మామ ఎత్తు మనిషి. నిలబడి చెయ్యి వదిలితే వేళ్ళు మోకాలికి తగిలేవి. కల్లు తాగి కూర్చుంటే ఆయన చెప్పుకునే గొప్ప ఒక్కటే. వాడలో అందరి వాసాలూ ఏడు మూరలు, ఎనిమిది మూరలు. మాది తొమ్మిది. ఆ మాట విని విని వాడలో పిల్లలకు కూడా నోటికి వచ్చింది.

మూర అంటే ఇప్పటివాళ్ళకు అందరిదీ ఒకటే. అప్పుడట్లా కాదు. ఇంటి పని మొదలుపెట్టే రోజు వడ్లాయన ఒక వెదురు కట్టెను నున్నగా చెక్కి యజమానిని పిలుస్తాడు. యజమాని మోచేతిని కట్టె కొసకు ఆనించి చెయ్యి చాపుతాడు. నడిమి వేలి కొన ఎక్కడ పడితే కట్టెను అక్కడికి కోస్తారు. గోడ కొలిచినా, దూలం కొలిచినా, దర్వాజా కొలిచినా ఆ ఇంటికి ఆ కట్టే. పని అయ్యాక దానికి పసుపు గుడ్డ చుట్టి నడి దూలం సందులో దాచిపెడతారు. కట్టె మీద ఎవరి చెయ్యి పడితే ఇల్లు వాళ్ళది. పట్వారీ కాగితాల్లో ఏమున్నా వాడ ఒప్పుకునేది ఆ చేతినే.

మా అత్తా మామా పోయారు. తరువాత మా బావ తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. మోకు తెగింది. కిందికి వచ్చేసరికే ప్రాణం లేదు. కొమురవ్వకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఒక్కతే బిడ్డ, బాలవ్వ. దినాలు అయిన మర్నాడే కొమురవ్వ పెసర్లు నానబోసింది. ఉడకబెట్టి, ఉల్లిగడ్డ వేసి, గుడాలు గంపకెత్తుకొని కల్లు దగ్గరికి పోయి అమ్మేది. వానలో, ఎండలో చెట్టు కింద కూర్చునేది. మర్కూక్ నుంచి అన్న వచ్చి, బిడ్డను తీసుకొని పుట్టింటికి రమ్మన్నాడు. నాకు ఇల్లుంది కదా అన్నది. అన్న వెళ్ళిపోయాడు.

ఆ ఇల్లుంది కదా అన్న మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఎందుకంటే నాకు లేదు. నా పెనిమిటి ఎల్లన్న కల్లు దుకాణంలో పని చేసేవాడు. బజారు దగ్గర ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉన్నాం. కిరాయి ఇంటావిడ నీళ్ళ కుండ ఎక్కడ పెట్టాలో కూడా తనే చెప్పేది. మా మామకు ఇద్దరు కొడుకులు. ఒకడు పోయాడు, ఒకడున్నాడు. ఉన్నవాడు కిరాయికి, పోయినవాడి భార్య సొంత ఇంట్లో. ఇదేం న్యాయమని నేను రోజూ అన్నంతోపాటు ఎల్లన్నకు వడ్డించేదాన్ని.

యుద్ధం నడుస్తున్న ఏడు, ఉగాది అయిన పది రోజులకు రాళ్ళవాన పడింది. జామకాయలంతేసి రాళ్ళు. కొమురవ్వ ఇంటి గూన పిండి అయిపోయింది. పగిలిన చోట నుంచి చూస్తే లోపల వాసాలకు చెదలు. చేత్తో నొక్కితే పొట్టు రాలింది. గూన సర్ది ఏడు గడిపే కథ కాదు. వాసాలు, దూలం, గూన మొత్తం దించి కొత్త కప్పు వేయాలి. అదీ మిరుగం కార్తె, తొలకరి వానలు రాకముందే. కప్పు లేని మట్టి గోడ రెండు వానలకు నిలవదు.

తాటిచెట్టు కొట్టాలంటే ఆబ్కారీ వాళ్ళ కాగితం కావాలి. పిడుగు పడి మొవ్వు మాడిన నాలుగు చెట్లకు కాగితం దొరికింది. ఆ ఏడాదికి అంతే, ఇంకో చెట్టు మీద గొడ్డలి పెట్టరాదు. చెట్లు కొట్టడం, కోయడం మగవాళ్ళ పని కాబట్టి కొమురవ్వ ఎల్లన్నకు కబురు చేసింది. ఎల్లన్న మంచివాడు, పోయి పని చేసి వచ్చేవాడే. నేను ఊరుకోలేదు. కట్టె మీద నీ చెయ్యి పెట్టు, పెట్టకపోతే ఈ అర్రలోనే చస్తామని చెప్పాను. వదిన బతికుండగా ఎట్లా అన్నాడు. ఆడవాళ్ళ చెయ్యి పెడతారా ఎక్కడైనా, పెట్టేది నువ్వు కాక ఎవరన్నాను. అది నిజమే. నిజాన్ని కూడా చెడ్డ పనికి వాడుకోవచ్చు.

పాత కప్పు దించిన రోజు నేనూ వెళ్ళాను. వాకిట్లో ముగ్గు వేసి, కాశయ్య కొత్త వెదురు కట్టె పట్టుకొని కూర్చున్నాడు. ఆయన అప్పటికే పెద్దవాడు. ఆ ఇల్లు మొదట కట్టింది ఆయన తండ్రే. మొగుడు పోయిన మనిషి ముగ్గు దగ్గరికి రాకూడదు కాబట్టి కొమురవ్వ ఇంటి వెనక ఉంది. నన్ను పిలిచి ఒక కట్టె చేతికిచ్చింది. దాని పసుపు గుడ్డ పొగచూరి నల్లబడింది.

"చెల్లె, గిది మామ కట్టె. దూలం సందుల దొరికింది. నేను ముంగటికి రాగూడదాయె. కాశయ్య మామకు నువ్వియ్యి."

తీసుకున్నాను. నాలుగడుగులు వేశాను. ఇది కాశయ్య చేతిలో పడితే, పాత కట్టె ఉండగా కొత్తది ఎందుకని అంటాడేమో, మా మామ చెయ్యే చాలంటాడేమో అనిపించింది. అప్పుడు ఇల్లు మా మామదే అవుతుంది, అంటే అందులో కాపురముంటున్న కొమురవ్వదే అవుతుంది. గోడ పక్కన విరిగిన వాసాలు పొయ్యిల కట్టెలకని కుప్ప పోసి ఉన్నాయి. దాన్ని ఆ కుప్పలో పడేశాను. ఎవరూ చూడలేదు.

ఎల్లన్న మోచేతిని ఆనించి చెయ్యి చాపాడు.

"సాపుర ఎల్లన్నా, ఇంకింత సాపు," అన్నాడు కాశయ్య.

"ఇంతే మామా. మా అమ్మ నాకు ఇంతే ఇచ్చింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పెనిమిటి పొట్టివాడు. చెట్టెక్కితే ఉడుతే, కింద నిలబడితే మాత్రం పొట్టివాడే. ఆ మాట నోరారా ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కొత్త ఇల్లయితే ఎవరి చెయ్యి పెట్టినా ఇబ్బంది లేదు. గోడలూ ఆ చేతి లెక్కకే లేస్తాయి, వాసాలూ ఆ లెక్కకే తెగుతాయి. ఇక్కడ గోడలు మా మామవి, వాసాలు నా మగనివి. ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. తాడు పట్టి గోడ కొలవలేదా అని మీరడుగుతారు. తొమ్మిది మూరలని ఎల్లన్న తండ్రి నోటనే విన్నాడు. వాడంతా పాటలాగా పాడే లెక్క అది, దాన్ని ఎవరు కొలుస్తారు? చెట్లు పడింది వనంలో. మొద్దులు బండి మీద తేవడం కష్టమని అక్కడే చీల్చి, అక్కడే తొమ్మిది మూరలకు కోసి, వాసాలు తెచ్చారు. కాశయ్య రెండు కట్టెలనూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఆ క్షణమే తెలిసేది. రెండో కట్టె ఆయన దాకా పోలేదు.

మిరుగానికి పన్నెండు రోజులుండగా దూలం ఎక్కించి, మొదటి జత వాసాలు ఎత్తారు. పైకొస దూలం మీద కూర్చుంది. కిందికొస గోడ మీద, గోడ నడిమిలో ఆగింది. మా మామ వాసం గోడ దాటి మూరెడు బయటికి వచ్చి, చూరై, నీళ్ళను దూరంగా పడేసేది. ఇది గోడనే దాటలేదు. రెండో వాసం ఎత్తారు. అదీ అంతే. మూడోది ఎత్తలేదు.

ఎల్లన్న పైనుంచి అరిచాడు, లెక్క తప్పావు మామా అని. కాశయ్య కొలకట్టె పైకి అందించాడు. ఎల్లన్న అందరి ముందూ కొలిచాడు. ఒకటి, రెండు అనుకుంటూ తొమ్మిది దగ్గర వాసం సరిగ్గా అయిపోయింది. వెంట్రుక తేడా లేదు.

"కట్టె నీది, లెక్క మీ నాయినది," అన్నాడు కాశయ్య. "నేను ఏం జేసిన్నో జెప్పు."

వాడ జనం మాత్రం ఆయన్నే చూశారు. ముసలివాడైపోయాడు, కన్ను తప్పింది అన్నారు. చూరు లేని గోడ ఒక్క వానకు బురదయి కూర్చుంటుందని, కొమురవ్వ ఇక మర్కూక్ పోవాల్సిందేనని ఒకామె నాకు వినబడేటట్టే అన్నది. ఇల్లు నాకు రావాలనుకున్నాను కానీ ఇల్లే లేకుండా పోవాలనుకోలేదు.

కొమురవ్వ వెనక నుంచి ముందుకు వచ్చింది. ఈసారి ముగ్గు లేదు, రాకూడదన్న వాళ్ళూ లేరు. వాసం చూసింది. గోడ చూసింది. నన్ను చూసింది. ఆ ఒక్కసారే. మోకు తెగినవాడికి కింద నేల ఎట్లా కనిపిస్తుందో ఆ చూపు నాకట్లా కనిపించింది. ఇప్పుడు చెబుతుంది, వాడంతా వింటుంది, నా పెనిమిటి వింటాడు అనుకున్నాను. ఆమె కాశయ్య వైపు తిరిగింది.

"మామా, వాసం గోడ మీద గట్టిగ కూసుంటదా?"

"కూసుంటది బిడ్డా. సూరు లేదు, గంతే."

"సూరు లేకుంటె దాని కింద ఇంకోటి దింపుదాం. వనంల కొస ముక్కలు మిగిలినయి గద. చుట్టూ గుంజలు పాతి పంచ ఎయ్యి. పై గూన నాలుగు వేళ్ళంత బయటికి జారిస్తె ఆ నీళ్ళు పంచ మీద పడుతయి, పంచ నీళ్ళు వాకిట్ల పడుతయి. గోడకు ఏం దల్గది."

కాశయ్య చాలాసేపు ఆ గోడ చుట్టూ తిరిగాడు. నడుము మీద చెయ్యి పెట్టుకొని ఒక మూల నిలబడ్డాడు. మర్కూక్‌లో ఆమె తండ్రి కొట్టానికి అట్లాంటిదే ఉండేదట, ఎక్కడ నేర్చావని అడిగితే చెప్పింది. ఆయన తిరిగి వచ్చి, అయితది బిడ్డా అన్నాడు. ఆయన మొహంలోకి నెత్తురు రావడం నాకు కనబడింది. అంతలోనే మళ్ళీ ఆగాడు. కొత్త పని, కొత్త కట్టె పెట్టాలి. ఎల్లన్న కట్టెను ఆయన మళ్ళీ ముట్టుకోలేదు.

"చెయ్యి ఎవరిది?" అన్నాడు.

ఎల్లన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, అన్నం దొంగిలించిన పిల్లవాడిలాగా. కొమురవ్వ తల వంచుకుంది. తాను చెప్పిన పని తన చేతితో జరగదని ఆమెకు తెలుసు.

"అక్క చెయ్యి పెట్టు మామా," అన్నాను నేను.

"ఆడోళ్ళ చెయ్యి పెట్టంగ నేను సూడలే లింగవ్వా. మా నాయిన సూడలే."

"పొట్టోళ్ళ చెయ్యి పెట్టంగ సూస్తివి గద. ఏమైందో గది గూడ సూస్తివి."

ఎల్లన్న గోడ మీద కూర్చొని ఉన్నాడు, అక్కణ్ణుంచే మొదట నవ్వింది ఆయనే. నా పెనిమిటిలో నాకు నచ్చిన గుణం అదొక్కటి. వాడ నవ్వింది. కాశయ్య నవ్వలేదు. సంచిలోంచి వెదురు తీసి, చెక్కి, అరుగు మీద పెట్టాడు. కొమురవ్వ రాలేదు. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. గుడాల ఆవిరికి కాలి కాలి ఆ చెయ్యి మోచేతి దాకా మచ్చలు. ఆనించి చాపింది. కాశయ్య గాటు పెట్టాడు. ఎల్లన్న కట్టె దాని పక్కన పెడితే రెండు వేళ్ళు తక్కువ. అది మా మామ అంత పొడుగని నేననను, చూడలేదు.

కొస ముక్కలు చీల్చారు. పాత వాసాల్లో చెదలు పట్టని చివర్లు ఏరి గుంజలు చేశారు. గూనకు కుమ్మరివాళ్ళు ఇంకో ఆవం కాల్చారు. మేమందరం వరసగా నిలబడి గూన చేతులు మార్చి పైకి అందించాం. ఒకటి వెల్లకిలా, దాని మీద ఒకటి బోర్లా. మిరుగం ముందురోజు సాయంత్రానికి పంచ చివరి వరస పడింది. ఎల్లన్న కట్టెను నడి దూలం సందులో పెట్టారు. కొమురవ్వ కట్టెను పంచ దూలం సందులో పెట్టారు. పసుపు గుడ్డ రెండింటికీ చుట్టారు.

వాన మిరుగం నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. నేను గుడాల గంప మోయడానికని వెళ్ళాను, నిజానికి గోడ చూద్దామని వెళ్ళాను. పంచలో ఇద్దరం కూర్చున్నాం. పై కప్పు నీళ్ళు పంచ మీద దబదబా పడుతున్నాయి, పంచ నీళ్ళు వాకిట్లో పడుతున్నాయి. నేను గోడకు చెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది. లోపలికి పోబోతూ తలుపు చూశాను. రెండు రెక్కల కొండ్లలో అడ్డంగా, గడియలాగా ఒక కట్టె దూర్చి ఉంది. గుడ్డ లేదు కానీ ఆ పొగ రంగు నాకు తెలుసు.

తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. తెలిసి కూడా ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

కొమురవ్వ గంపలో గుడాలు కలియబెడుతూ అన్నది. "చెప్తె ఎల్లన్న నిన్ను కొడుతుండె. నిన్ను కొడితె వాసాలు పెరుగుతయా?"

నేను గంప అంచున పడ్డ గుడాలు ఏరి మళ్ళీ అందులో వేశాను.

"కాశయ్య మామకు పేరు పోయింది గద చెల్లె. ఆ మాట మాత్రం నువ్వే చెప్పాలె. నేను చెప్పేది గాదది. నీ నోటికి అన్నొస్తయి."

వస్తాయి. అన్నీ వస్తాయి. ఆ ఒక్కటి రాలేదు. ఆ ఏడు, మరుసటి ఏడు కాశయ్యను ఇంటి పనికి ఎవరూ పిలవలేదు. నాగళ్ళు చెక్కుకొని బతికాడు. రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఎదురైతే మామా బాగున్నవా అనేదాన్ని. బాగున్న బిడ్డా అనేవాడు. ఆయన పోయిన రోజు కూడా పోయి ఏడ్చి వచ్చాను, చెప్పలేదు.

కొమురవ్వ ఆ తరువాత గంప మోయలేదు. పంచలోనే పొయ్యి పెట్టింది. గజ్వేల్ బాటన పోయే బండ్లవాళ్ళు, చెట్లు గీసి దిగినవాళ్ళు అక్కడే కూర్చొని తినేవాళ్ళు. వానొచ్చినా లేవాల్సిన పని లేదు. కొమురవ్వ పంచ దగ్గర దిగు అంటే ఎవరికైనా తెలిసేది. ఇల్లు ఎవరిదని తరువాత ఎవరూ అడగలేదు. ఎల్లన్న అడగలేదు. అన్నంతోపాటు ఆ మాట వడ్డించడం నేను మానేశాను. మూడేళ్ళకు కల్లు దుకాణం మూతపడి, కిరాయి ఇంటావిడ మా సామాను వాకిట్లో పెట్టిస్తే, కొమురవ్వ వచ్చి కుండలు నెత్తికెత్తుకుంది. రమ్మని పిలవలేదు. కుండలు ముందు నడిచాయి, వెనక మేం నడిచాం. నా పెనిమిటి చేతి కప్పు కింద అట్లా చేరాను, అదీ ఆమె పంచ దాటి.

ఆమె పోయి ఆరేళ్ళు. ఎల్లన్న అంతకు ముందే పోయాడు. ఇల్లు బాలవ్వది. నేను లోపలి అర్రలో ఉంటాను. ఉండమని బాలవ్వ చెప్పలేదు, ఎందుకున్నావని కూడా అడగలేదు. తల్లి పోలికే. మొన్న గూన సర్దడానికి వచ్చినవాళ్ళు పంచ మీది నుంచి, ఎవడో వడ్లాయన లెక్క తప్పాడట కదా అని నవ్వుకున్నారు. బాలవ్వ కూడా నవ్వింది. ఆమెకు తెలియదు.

అందుకే రాయడానికి కూర్చున్నాను. కాశయ్య లెక్క తప్పలేదు. ఆయనకు చేరాల్సిన కట్టెను పొయ్యిల కట్టెల్లో పడేసింది నేను. దీన్ని రేపు బాలవ్వతో చదివిస్తాను, నా ముందరే, గట్టిగా. మా మామ కట్టె ఇంకా తలుపుకే ఉంది. పొద్దుగూకితే కొండ్లలో దూర్చేది నేనే. దానికి నా మోచెయ్యి ఆనించి, చాపి, ఎంత తక్కువో చూడాలని ఎన్నోసార్లు అనిపించింది. ఇప్పటిదాకా ఆనించలేదు.